ప్రామ్ రాత్రికి బండి మాట్లాడుకోవడం, అక్షింతల ఖర్చుతో సహా

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి సీనియర్ ప్రామ్‌కి (హైస్కూలు చివరి ఏడాది డాన్సు పార్టీ) స్నేహితులంతా కలిసి లిమో (డ్రైవరుతో అద్దెకిచ్చే పొడుగు కారు) మాట్లాడుకుంటున్నారు. ఒక్క రాత్రికి అంత డబ్బు తగలెయ్యాలా? మేమే దింపి తీసుకొస్తే సరిపోదా?

సరిపోదండీ. మా ఆయన కూడా అచ్చం ఇదే అన్నారు. "మన ఓడిస్సీ వ్యాన్ ఉందిగా, ఏడుగురు పిల్లలు పడతారు, రెండు ట్రిప్పులు వేస్తా." ఆ ఒక్క మాటకి మా పెద్దది మూడు రోజులు కంచం పైకి తీసుకెళ్ళి, గది తలుపేసుకుని తింది. 2023 జూన్ నాటి సంగతి ఇది. మొదట్లో నేనూ మా ఆయన పక్షమే. తర్వాత మారాను గానీ, పిల్ల అలిగిందని కాదు.

ఇక్కడ పదిహేడేళ్ళకి చేతికొచ్చేది ప్రొబేషనరీ లైసెన్సు. నంబర్ ప్లేటు మూలన ఎర్ర స్టిక్కరు అంటించుకుని తిరుగుతారు చూడండి, వాళ్ళన్నమాట. రాత్రి 11 దాటాక పొద్దున 5 దాకా బండి తీయకూడదు. తల్లో తండ్రో బండిలో లేకపోతే ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. మా వాళ్ళ ప్రామ్ ముగిసేదే 11కి! లిమో వద్దన్నామని పిల్లలు ఇంట్లో కూర్చోరు కదా. ఎవడో ఒకడు వాళ్ళ నాన్న బండి తాళాలు అడుగుతాడు, అందులో ఐదుగురు ఇరుక్కుంటారు. ఆ రాత్రి ఆ వయసు వాళ్ళెవరి చేతిలోనూ స్టీరింగ్ ఉండకూడదు. నా లెక్క అదొక్కటే. మెరిసే లైట్లూ తోలు సీట్లూ ఎవరికి కావాలి?

మా గుంపులో పన్నెండు మంది తేలారు. గంటకి 190 డాలర్లు, కనీసం ఆరు గంటలు. 1,140 అని మా ఆయన ఎక్సెల్‌లో వేసుకున్నారు. దాని మీద 20 శాతం సర్వీసు, ఐదు శాతం ఫ్యూయల్ సర్‌చార్జీ కలిపి బిల్లు 1,425కి తేలింది. తలకి దాదాపు 119. గౌనూ గోళ్ళూ జుట్టూ, చేతికి కట్టుకునే పూలగుత్తి గౌను రంగుకి సరిపోయేలా... వాటి ముందు ఇదేమంత లెక్క కాదు. డబ్బు వసూలు చేయడం ఉంది చూశారూ, అసలు నరకం అది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "మావాడు వెళ్ళేటప్పుడే ఎక్కుతాడు, వచ్చేటప్పుడు నేను తెచ్చుకుంటాను, కాబట్టి సగం పంపుతా" అన్నాడు. పెళ్ళికొచ్చి, నేను పెరుగన్నం తినను కాబట్టి చదివింపులు సగమే అన్నట్టుంది. ఆ సగం కూడా ఆగస్టులో జెల్ యాప్‌లో పంపాడు.

నాకు లిమో అంటే భయం మాత్రం ఉండేది. 2018 అక్టోబరు 6న న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహరీ దగ్గర ఒక పొడుగు లిమో బ్రేకులు పోయి కొండదారి దిగి వచ్చి 20 మందిని బలి తీసుకుంది. లోపలున్న 17 మందీ, డ్రైవరూ, బయట నిలబడ్డ ఇద్దరూ. పుట్టినరోజు వేడుకకి బయల్దేరిన స్నేహితులు వాళ్ళు. తాగి నడపకూడదనే కదా లిమో మాట్లాడుకున్నారు! ఆ బండి 2001 నాటి ఫోర్డ్ ఎక్స్‌కర్షన్. అంతకుముందే తనిఖీలో తప్పింది. డ్రైవరుకి అంతమందిని ఎక్కించుకునే లైసెన్సే లేదు. స్ట్రెచ్ లిమో అంటే మామూలు బండిని నడుముకి కోసి మధ్యలో ముక్క అతికించేదే. తెల్లగా మెరిసే పొడుగు లింకన్ టౌన్ కార్ చూసి మురిసిపోకండి. ఆ కారు తయారీ 2011లోనే ఆగిపోయింది.

అందుకే కంపెనీని తెగ ప్రశ్నలడిగాను. జవాబులన్నీ తీయగా చెప్పారు. తీరా ఆ శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి రావాల్సిన తెల్ల లిమో ఆరుంపావు దాకా రాలేదు. ఫొటోల కోసం అందరూ మా ఇంటి ముందు గడ్డి మీదే. అబ్బాయిలు కోట్లలో చెమటలు కక్కుతున్నారు, అమ్మాయిలు హీల్సు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. చివరికి వీధి మలుపు తిరిగి వచ్చింది ఇరవై పైచిలుకు సీట్ల నల్ల పార్టీ బస్సు. ఫోన్ చేస్తే "కాగితంలో 'లేదా సమానమైన వాహనం' అని ఉంది మేడమ్" అన్నారు. నిజమే, ఉంది. చిన్న అక్షరాల్లో.

మా అత్తయ్య అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పిల్ల ముస్తాబై బయటికి వెళ్తోంది కదా, పళ్ళెంలో ఎర్రనీళ్ళు, అక్షింతలు సిద్ధం చేసుకున్నారు. బస్సు ఆలస్యమయ్యేసరికి తిక్కలో ఉన్న మా పెద్దది దిష్టి తీయించుకోకుండానే గబగబా ఎక్కేసింది. అత్తయ్య ఊరుకుంటారా? పళ్ళెం ఎడం చేత్తో పట్టుకుని ఆవిడా ఎక్కారు, వెనకాల నేను. లోపల ఊదారంగు లైట్లు, మీగడరంగు సీట్లు, నట్టనడుమ నేల నుంచి కప్పు దాకా మెరిసే స్టీలు స్తంభం.

"ఏమ్మా, బస్సు మధ్యలో ఈ స్తంభం దేనికి?"

"కుదుపులకి పట్టుకుని నిలబడ్డానికి అత్తయ్యా."

"మరి ఆర్టీసీ బస్సులోలాగా పైన కడ్డీ పెట్టచ్చుగా?"

మా పెద్దది కిటికీ వైపు తిరిగిపోయింది. పన్నెండు మందికీ అక్షింతలు పడ్డాయి. తెల్లపిల్లలు బుద్ధిగా తలలు వంచారు, అదేదో ప్రామ్ ఆచారమే అనుకుని ఉంటారు. పసుపు బియ్యం మీగడరంగు సీట్ల సందుల్లోకి దిగిపోయాయి. రెండు రోజుల తర్వాత ఫొటోలు జతచేసి నా కార్డు మీద 150 డాలర్ల క్లీనింగ్ ఫీజు వేశారు. వేసింది అత్తయ్య, పడింది నాకు.

ఇంత చిరాకులో నాకు ఊరటనిచ్చింది డ్రైవరు. అరవై దాటిన ఈజిప్టు ఆయన, టై కట్టుకుని వచ్చాడు. బండి మారింది కదా, "మీ లైసెన్సు ఒకసారి చూపిస్తారా" అని భయపడుతూనే అడిగాను. డ్రైవరుతో కలిపి 16 మందీ అంతకు మించీ పట్టే బండికి కమర్షియల్ లైసెన్సు, దాని మీద ప్రయాణికుల కోసం ప్రత్యేక ముద్ర ఉండాలి. ఆయన ఏమీ నొచ్చుకోకుండా తీసి చూపించి, "ఇన్నేళ్ళలో అడిగిన నాలుగో తల్లి మీరు" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి పన్నెండు మంది పేర్లూ, ఒక్కో పేరు పక్కన అమ్మదో నాన్నదో నంబరూ రాసుకున్నాడు. ఒక అబ్బాయి బ్యాక్‌ప్యాక్ మెట్టుకి తగిలి గాజు చప్పుడైంది. ఆయన ఏమీ అనలేదు. ఆ సంచీ తీసుకుని నేరుగా వాళ్ళమ్మ దగ్గరికి నడిచి, "ఇది మీరు మర్చిపోయినట్టున్నారు" అని చేతిలో పెట్టి వచ్చాడు. స్కూల్లో జరిగే ప్రతి మీటింగులోనూ పిల్లల్ని ఎలా పెంచాలో మాకు చెప్పే ఆవిడ ఆమె! ఆ సంచీ పట్టుకుని నిలబడ్డ ఆవిడ ముఖం చూడటానికి 119 డాలర్లు తక్కువే.

రాత్రి పదకొండున్నరకి పిల్లలు డైనర్ (రాత్రి పొద్దుపోయేదాకా తెరిచుండే హోటల్) వద్దు, న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ అని గొడవ చేశారట. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున జెర్సీ షోర్‌కి పోదామని ఇంకొకడు. "కాగితంలో డైనర్ అనే ఉంది" అని డైనర్‌కే తీసుకెళ్ళి, తలలు లెక్కపెట్టి, పదకొండే తేలేసరికి కదలకుండా ఆగి నాకు ఫోన్ చేశాడు. ఆ పన్నెండోవాడు సగం డబ్బుల వాడు. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు, ఎవరికీ చెప్పకుండా.

మా ఫేర్‌వెల్ గుర్తొస్తుంది నాకు. గుంటూరులో ఏడుగురం అమ్మల పట్టుచీరలు కట్టుకుని ఒక్క ఆటోలో వెళ్ళాం. ఇద్దరం డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఇప్పుడు హైదరాబాద్‌లో కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్ళు కూడా ప్రామ్ అంటున్నాయి. అక్కడి తల్లులూ ఇదే అడుగుతారు చూడండి.

మీ సంగతికి వస్తే, జనవరిలోనే మాట్లాడండి. జూన్ శుక్రవారాలన్నీ పెళ్ళిళ్ళూ ప్రాములే. కంపెనీ యూఎస్ డాట్ నంబరు (కేంద్ర రవాణా శాఖ దగ్గర కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు) అడిగి ఆ శాఖ వాళ్ళ సేఫర్ వెబ్‌సైటులో కొట్టండి. తనిఖీలు ఎన్ని జరిగాయో, ఎన్ని బండ్లను రోడ్డెక్కనివ్వలేదో కనిపిస్తుంది. నంబరు ఇవ్వడానికి నీళ్ళు నమిలితే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. ఇన్సూరెన్సు కాగితం చూడండి. రాష్ట్రం దాటే బండికి 15 సీట్ల వరకు 15 లక్షల డాలర్లు, 16 సీట్లూ అంతకు మించీ ఉంటే 50 లక్షల డాలర్లు ఉండాలి. 'సమానమైన వాహనం' అన్న మాట కొట్టించేయండి. ఆ 20 శాతం సర్వీసు డ్రైవరుకి చేరుతుందా లేదా అడగండి. మా ఆయనకి అందులో పైసా రాదట. చేతిలో వంద పెట్టాను, రెండుసార్లు వద్దన్నాకే తీసుకున్నాడు. పొడుగు లిమో కన్నా స్ప్రింటర్ వ్యాన్ నయం నా మటుకు, సీట్లు ముందుకు చూస్తూ ఉండి బెల్టులు సరిగ్గా ఉంటే.

పైసా రాదట అన్నచోట "మా ఆయన" అన్నది డ్రైవర్ని, మా ఇంటాయన్ని కాదు. ఇప్పుడు ఆయన సొంతంగా ఒక స్ప్రింటర్ కొనుక్కున్నాడు. మా చిన్నవాడి ప్రామ్ వచ్చే జూన్‌లో. వాడు ఎవరితో వెళ్తాడో వాడికే తెలియదు గానీ, బండికి మాత్రం అడ్వాన్సు ఇచ్చేశాను. అక్షింతలు ఈసారి గుమ్మంలోనే.