సైన్యంలో చేరాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ప్రభువు నామంలో మామయ్య దీవెనలు.

విశ్వాసి సైన్యంలో చేరవచ్చునా అని అడుగుతూ, అగ్నివీర్ దరఖాస్తు పెట్టే ముందు నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లు పాలమూరు ప్రాంతంలో మెన్నొనైట్ బ్రదరన్ అనే మన క్రైస్తవ శాఖలో కాపరిగా ఉండి కూడా ఈ సంగతి నేను ఒక్క ప్రసంగంలోనూ విడమరచి చెప్పలేదు. అది నా లోపమే.

1889లో రష్యా నుంచి బయలుదేరి నల్గొండలో సేవచేసిన మిషనరీలు అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు, ఆయుధం పట్టరాదన్న నమ్మకం కోసం దేశాలే వదిలిన మెన్నొనైట్ సమాజానికి చెందినవారు. 1874లో రష్యా నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చినప్పుడు ఆ సమాజంలో వేలమంది అమెరికాకు, కెనడాకు తరలిపోగా, మిగిలినవారు తుపాకీకి బదులు అడవుల పెంపకంలో పనిచేసే ఏర్పాటు సాధించుకున్నారు. వారి పూర్వికులలో డిర్క్ విల్లెమ్స్ అనే ఆయన, 1569లో తనను తరుముతూ మంచు పగిలి నీటిలో పడిన భటుణ్ణి వెనక్కి వచ్చి పైకి లాగాడు, దొరికిపోయి సజీవ దహనానికి గురయ్యాడు. ‘మీ శత్రువులను ప్రేమించుడి’ అన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకు వస్తాడు.

అయినా యూనిఫాం వేసుకున్న విశ్వాసిని చులకన చేయకు. బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను ఎవరినీ బాధపెట్టవద్దని, జీతంతో తృప్తిపడమని హెచ్చరించాడే గాని కొలువు మానమనలేదు. 295లో ఆఫ్రికాలోని తెబెస్సాలో 21 ఏళ్ల మాక్సిమిలియన్ అనే క్రైస్తవుడు రోమా సైన్యంలో చేరనన్నప్పుడు, చక్రవర్తుల కొలువులో క్రైస్తవ సైనికులున్నారు కదా అని అధికారి అడిగాడు. వారికి ఏది తగునో వారికి తెలుసునని, తాను మాత్రం చెడు చేయలేనని చెప్పి ప్రాణమిచ్చాడు. ఒకరిని నిందించకుండా తన మాట మీద నిలబడిన ఆ తీరు నాకెంతో ఇష్టం.

మన దేశంలో నిర్బంధ సేవ లేదు గనుక నిర్ణయం పూర్తిగా నీదే. కాని ప్రాణాపాయమున్నా పై అధికారి ఆజ్ఞ పాటిస్తానని ప్రమాణం చేశాక, ఎదుటివాణ్ణి కాల్చలేనని చెప్పుకునే చోటు ఉండదు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడే, సంతకానికి ముందే, నీ మనసులో తేలాలి. నేనైతే వెళ్లను. ఇంట్లో అప్పుల కోసమే వెళ్లాలనుకుంటే ఆ మాట దాచకుండా చెప్పు, దానికి వేరే దారి వెతుకుదాం.

గడువు ముగిసేలోపు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను వెంటబెట్టుకుని ఇంటికి రా.

నీ మామయ్య