రిపోర్టులన్నీ నార్మలే.. మరి నాకీ బాధేంటి?

ప్రశ్న: నా వయసు 44. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నర నుంచి ఒళ్లు నొప్పులు, విపరీతమైన నీరసం. అరికాళ్లు మంటలు, చేతులు తిమ్మిర్లు. నిలబడితే కళ్లు తిరిగి గుండె దడదడలాడుతుంది. అమలాపురం, కాకినాడ, ఆఖరికి హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి కూడా వెళ్లాం. గుండె డాక్టర్ గుండె బాగుందన్నారు. నరాల డాక్టర్ ఎమ్మారై చూసి ఏమీ లేదన్నారు. ఎండోస్కోపీ చేసినాయన గ్యాస్ మాత్రలు రాశారు, అవి అప్పటి నుంచీ వాడుతున్నాను. చివరికి ‘అంతా టెన్షన్, ఏమీ ఆలోచించకుండా ఇంటికెళ్లండి’ అన్నారు. చెరువు మీద మిగిలిన డబ్బంతా దీనికే అయిపోయింది. ఇంట్లోవాళ్లు కూడా నటిస్తున్నాననుకుంటున్నారు. మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు వేసుకుంటే మాత్రం నాలుగు రోజులు తేలిగ్గా ఉంటుంది. ఇంకెక్కడికి వెళ్లమంటారు? - ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు నటించడం లేదు. ఈ జవాబును మీ ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్షతో వెతికిన జబ్బు కనిపించలేదని అర్థం, బాధ లేదని కాదు. ఈసీజీలో గుండె లయ కనిపించేది సుమారు పది సెకన్లే. దడ రాని సమయంలో తీస్తే అది నార్మల్‌గానే వస్తుంది. అరికాళ్ల మంటలకు కారణమయ్యే సన్నని నరాల లోపం ఎమ్మారైలోనే కాదు, నరాలకు కరెంటు పెట్టి చేసే పరీక్షలో కూడా తెలియదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఆర్ఎంపీ మాత్రల సంగతి. వేసుకోగానే నొప్పులు మాయమై, మానేస్తే మళ్లీ తిరగబెడుతున్నాయంటే వాటిలో స్టెరాయిడ్ ఉందేమో చూడాలి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లు స్ట్రిప్ మీద ఉన్నాయేమో చూడండి. విడి మాత్రలు పొట్లం కట్టి ఇస్తుంటే ఆ పొట్లమే దాచండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారీ తగ్గించేస్తాయి. అప్పుడు మాత్ర ఆపితే నీరసం, ఒళ్లు నొప్పులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం.. దాదాపు మీరు రాసినవే వస్తాయి. పొద్దున్నే ఇచ్చే రక్తంతో కార్టిసాల్ పరీక్ష చేస్తే ఈ సంగతి చాలావరకు తేలుతుంది. ‘ఆర్ఎంపీ మందు వాడాను’ అంటే కోప్పడతారని చాలామంది పెద్దాసుపత్రుల్లో ఈ మాట చెప్పరు. అక్కడ అడిగేవాళ్లూ తక్కువే. మీరు తప్పకుండా చెప్పండి. అయితే వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయొద్దు. స్టెరాయిడ్ అని తేలితే డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

రెండోది గ్యాస్ మాత్రలు. పాంటాప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరిలో బీ12 తగ్గుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ అంతే. రక్తం బాగానే ఉన్నా, అంటే హిమోగ్లోబిన్ తగ్గకపోయినా, బీ12 లోపంతో తిమ్మిర్లు, మంటలు రావచ్చు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే ఐరన్ నిల్వలు అడుగంటుతాయి. దాన్ని ఫెర్రిటిన్ పరీక్ష చెబుతుంది. థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. ఎమ్మారై ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ చౌక. ఇవి చేశారో లేదో మీ ఫైల్‌లో వెతకండి. చేసి ఉంటే మళ్లీ చేయించుకోనక్కర్లేదు.

నిలబడితే వచ్చే దడ గురించి మీ ఊరి హెల్త్ క్లినిక్‌లోనే కొంత తెలుసుకోవచ్చు. పది నిమిషాలు పడుకున్నాక నాడి, బీపీ చూడమనండి. తర్వాత లేచి నిలబడి మొదటి, మూడో, అయిదో, పదో నిమిషాల్లో మళ్లీ చూసి రాసుకోండి. పక్కన మనిషి ఉండాలి, కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి. బీపీలో పై అంకె 20 పడిపోయినా, బీపీ నిలకడగా ఉండి నాడి మాత్రం 30కి మించి పెరిగినా ఆ కాగితం డాక్టర్‌కు చాలా పనికొస్తుంది. ఇదంతా మొదలయ్యే ముందు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా? చికున్‌గున్యా నొప్పులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా వేధిస్తాయి.

ఇవేవీ కాకపోతే ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు, నీరసం నెలల తరబడి వదలని సమస్య వంటిది కావచ్చు. దానికి రక్తపరీక్ష లేదు. నొప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయి, నిద్ర ఎలా ఉంది, మూడు నెలలకు పైగా ఉన్నాయా అని అడిగి తెలుసుకోవడమే నిర్ధారణ. మీ పక్క రైతులకు తెలిసిన సంగతే: కాలువకు ఎక్కడా గండి పడకపోయినా, లాకుల దగ్గర నీరు వదలడంలో తేడా వస్తే శివారు చేలు ఎండుతాయి. నరాలు బాగానే ఉన్నా అవి మోసుకెళ్లే నొప్పి కబుర్లను మెదడు ఎక్కువ చేసి వినిపించడం ఇలాంటిదే. స్కాన్‌కు గండి దొరుకుతుంది, ఇది దొరకదు. దీనికి వైద్యం ఉంది. నిద్ర సరిచేసుకోవాలి, రోజుకు కొద్ది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కొందరికి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ వంటి మాత్రలు తక్కువ మోతాదులో ఇస్తాం. డిప్రెషన్‌కూ అవే వాడతారు కాబట్టి మందుల షాపులో ఎవరో ఏదో అన్నారని మానేయకండి.

టెన్షన్ అన్నారుగా. టెన్షన్‌తో నొప్పి, దడ పెరుగుతాయి, నిజమే. కానీ నిద్ర, ఆకలి, ఇంటి పరిస్థితి ఏదీ అడగకుండా ఆ ఒక్క మాటతో పంపేయడం వైద్యం కాదు. డబ్బు పోయి, నమ్మేవాళ్లు లేక మనసు కుంగితే దానికీ సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఎక్కడికి వెళ్లాలంటారా? మరో స్పెషలిస్టు దగ్గరికి ఇప్పుడే వద్దు. గుండె వారు గుండె చూశారు, నరాల వారు నరాలు చూశారు. అన్నీ కలిపి చూసినవారు లేరు. అది మీ తప్పు కాదు. దగ్గర్లో జనరల్ మెడిసిన్ ఎండీ చదివిన ఒక్క డాక్టర్‌ను ఎంచుకుని, కొన్ని నెలలు ఆయన దగ్గరే చూపించుకోండి. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంది. ఏ బాధ ఎప్పుడు మొదలైందో, ఏ మందులు వాడారో వరుసగా ఒక్క పేజీలో రాసి, మాత్రల స్ట్రిప్పులతో సహా ముందు ఆ పేజీ ఇవ్వండి, తర్వాత ఫైల్. ‘ఏమీ లేదు’ అంటే ‘ఏయే జబ్బులు లేవని తేలింది, ఇంకా ఏం చూడాలి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు’ అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఈలోగా బరువు తగ్గిపోతున్నా, జ్వరం వదలకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకండి. ఒక చెయ్యి, కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, స్పృహ తప్పినా, ఆ మాత్రలు ఆపాక వాంతులతో బీపీ పడిపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి. స్టెరాయిడ్ వాడిన సంగతి అంబులెన్స్ వాళ్లకు ముందే చెప్పండి.