వైరస్ ఎక్కించకుండా టీకా పనితనం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: 2009లో స్వైన్‌ఫ్లూ టీకాను రెండు మూడు వందల మందికి ఇచ్చి, రెండు నెలలు తిరక్కముందే ఒక్క డోసు చాలని తేల్చారని చదివాను. వాళ్లకు వైరస్ ఎక్కించి చూశారా? అంత కొద్దిమందిని చూసి ఎలా నమ్మారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వైరస్‌ను ఎవరికీ ఎక్కించలేదు. మీరు చదివింది ఆ ఏడాది జూలైలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీకాల తయారీ సంస్థ సీఎస్ఎల్ మొదలుపెట్టిన పరీక్ష గురించి అయివుంటుంది. ఆరోగ్యంగా ఉన్న 240 మంది పెద్దవారిలో సగం మందికి 15, మిగిలినవారికి 30 మైక్రోగ్రాముల టీకా ఇచ్చి, మూడు వారాల తర్వాత రక్తం తీసి చూశారు.

ఆ రక్తంలోని సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) పది, ఇరవై, నలభై రెట్లు, ఇలా పలచన చేసుకుంటూ గుంటల పళ్లెంలో వరుసగా పోసి, దానికి వైరస్‌ను, ఆపైన ఎర్ర రక్తకణాలను కలుపుతారు. టీకాకు స్పందనగా శరీరం తయారుచేసే యాంటీబాడీలు అందులో లేకపోతే వైరస్ ఆ కణాలను ఒకదానికొకటి అతికించి గుంటంతా పొరలా పరుస్తుంది. ఉంటే, దాని ఆటలు సాగక కణాలన్నీ అడుగుకు జారి ఎర్రటి బొత్తాంలా కనిపిస్తాయి. నలభై రెట్లు పలచన చేసినా బొత్తాం కనిపిస్తే చాలినంత స్పందన వచ్చినట్టు లెక్క. అయితే ఆ స్థాయిలో జబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందన్నది పాత అధ్యయనాల నుంచి కట్టిన అంచనాయే తప్ప, పూర్తి రక్షణకు హామీ కాదు.

అడిలైడ్‌లో 15 మైక్రోగ్రాముల ఒక్క డోసుతోనే నూటికి 90 మందికి పైగా ఆ గీత దాటారు. ఇది ఎందుకంత పెద్ద వార్త అయిందంటే, అంతకుముందు అమెరికాలో బర్డ్‌ఫ్లూ టీకాను 90 మైక్రోగ్రాముల చొప్పున రెండుసార్లు ఇచ్చినా దాదాపు సగం మందిలోనే అలాంటి స్పందన వచ్చింది. బర్డ్‌ఫ్లూ వైరస్‌ది హెచ్5 రకం, మన శరీరానికి అది బొత్తిగా కొత్త. స్వైన్‌ఫ్లూది హెచ్1 రకం, దాని బంధువులు మాత్రం ఏళ్ల తరబడి మనుషుల్లో తిరిగినవే. లెక్క చూస్తే, బర్డ్‌ఫ్లూకు ఒకరికి పట్టే టీకా సరుకు స్వైన్‌ఫ్లూకు 12 మందికి సరిపోతుంది.

మీ అనుమానం నిజంగా నిలిచేది భద్రత దగ్గర. 240 మందిలో చేయినొప్పి, తలనొప్పి లాంటివి బయటపడతాయి గాని, అరుదైన ముప్పు కనబడదు. 1976లో అమెరికాలో 4 కోట్ల మందికి పైగా స్వైన్‌ఫ్లూ టీకా వేసినప్పుడు, సుమారు లక్షకు ఒకరికి చొప్పున గిలాన్‌బారీ అనే నరాల జబ్బు అదనంగా వచ్చిందని తేలింది. అందుకే 2009లో టీకాలు జనంలోకి వెళ్లాక కూడా ఆ జబ్బు కోసం ప్రత్యేకంగా కనిపెట్టి చూశారు.