పెరటి క్యాబేజీ అంతా ఒకేసారి చేతికొచ్చిందా? ముందు ఆవాలు నానబెట్టండి

పెరట్లో వేసిన క్యాబేజీ పాతిక గడ్డల దాకా ఒకే వారంలో తయారైందనీ, వేపుడూ పకోడీ తిని తిని ఇంట్లో అందరికీ మొహం మొత్తిందనీ, పారెయ్యకుండా ఇంకేం చెయ్యొచ్చో చెప్పమనీ అడిగారు. ఇదే అవస్థ నేనూ పడ్డాను కాబట్టి నాకు తెలిసినంతా చెబుతాను.

ముందు ఒక మాట. క్యాబేజీ రుచి లేని కూర అనేవాళ్ళ ఇంట్లో దాన్ని నీళ్ళు పోసి కుక్కర్లో మూడు విజిల్స్ పెడుతున్నారని అర్థం. ఎక్కువసేపు ఉడికే కొద్దీ దాంట్లోంచి కుళ్ళిన గుడ్డు లాంటి వాసన వస్తుంది. అది కూర తప్పు కాదు, పొయ్యి మీద ఉంచిన టైము తప్పు. సన్నగా తరిగి, ఉప్పు వేసి పదిహేను నిమిషాలు పక్కన పెడితే దాని నీళ్ళు అదే వదులుతుంది. ఆ నీళ్ళు పిండేసి, మూత లేకుండా పెద్ద సెగ మీద ఏడెనిమిది నిమిషాలు మగ్గిస్తే చాలు, పంటి కింద కాస్త కరకరలాడుతూ ఉంటుంది. ఆపైన ఆవ పెట్టండి. క్యాబేజీకి ఆవపిండిని మించిన తోడు లేదు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పొలంలో ఆవ మొక్కనీ క్యాబేజీ నారునీ పక్కపక్కన చూస్తే లేత ఆకు దగ్గర పోలిక తెలిసిపోతుంది.

మాది గుణుపురం. ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, మా మామగారి పెద్దవాళ్ళు ఇల్లు కదలలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిల్లల బడిలో రెండూ కాక ఇంగ్లీషు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో క్యాబేజీ సంగతి తేలింది ఈ రెండు భాషల మధ్యే.

2023లో వినాయక చవితి వెళ్ళగానే మా ఆయన పెరట్లో నలభై క్యాబేజీ మొక్కలు నాటారు. త్వరగా గడ్డ కట్టే రకం. పశువుల ఎరువు, వేపపిండి తప్ప ఇంకేం వెయ్యలేదు. ఆకుల్ని జల్లెడ చేసే సన్న పచ్చపురుగు ఉంటుంది కదా, దాని కోసం పక్కింటి మౌసీ (ఒడియాలో పిన్నిని అలా అంటారు) చెప్పిన మాట మీద పదిహేను రోజుల ముందే చుట్టూ ఒక వరుస ఆవాలు చల్లాం. రెక్కల పురుగు వచ్చి ఆవ ఆకు మీదే ఎక్కువ గుడ్లు పెట్టేది. ఆ ఆకులు కోసి పారేస్తూ ఉంటే క్యాబేజీ జోలికి పెద్దగా రాలేదు. నలభైలో ముప్పై ఆరు నిలిచాయి. డిసెంబరు మొదటికల్లా ఒక్కొక్కటి కిలో, కిలోంపావు తూగేలా తయారయ్యాయి. సంక్రాంతి దాకా వారానికి నాలుగు చొప్పున కోసుకుందాం అనుకున్నాం.

అప్పుడే మిచాంగ్ తుఫాను వచ్చింది. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరాన దాటినా మాకు ఇక్కడ ముసురు పట్టుకుంది. తెరిపి ఇచ్చిన పొద్దున గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళాను. మొదటి వరుసలో మూడో మొక్క గడ్డ నడినెత్తిన, బీటలు వారిన నేలలా, నా చూపుడు వేలంత పొడుగున పగిలి ఉంది. వంగి చూస్తే లోపల ఆకు పాలలా తెల్లగా ఉంది, ఆ మడతలో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పక్కది కూడా పగిలింది. దాని పక్కది కూడా. లెక్కపెడితే పదకొండు. గడ్డ ముదిరాక ఒక్కసారిగా ఎక్కువ నీరు తగిలితే లోపలి ఆకులు గబగబా పెరుగుతాయి, పై ఆకు సాగలేక చిట్లుతుంది. పగిలిన గడ్డ రెండు మూడు రోజుల కంటే ఆగదు, నీరు దిగి లోపలి నుంచి కుళ్ళు మొదలవుతుంది. మీ పెరట్లో ఇంకా పగలనివి ఉంటే ఇప్పుడే వెళ్ళి ఒక్కో మొక్కని మొదట్లో పట్టుకుని పావువంతు మెలితిప్పండి. కొన్ని వేళ్ళు తెగి నీరు లాగడం తగ్గుతుంది, గడ్డ ఇంకో వారం పదిరోజులు ఆగుతుంది. మిగిలిన పాతికకీ మేం అదే చేశాం. రెండు మాత్రమే తర్వాత పగిలాయి.

ఆ పదకొండింటినీ మా ఆయన సైకిలు మీద బజారుకి తీసుకెళ్ళారు. కిలోకి మూడు రూపాయలిస్తానన్నాడు అక్కడి కొట్టతను, పగిలినవి కాబట్టి అదీ ఎక్కువేనట. ఆ కొట్లోనే ఆ రోజు క్యాబేజీ కిలో పాతిక అమ్ముతున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా అన్నీ వెనక్కి తెచ్చేశారు. పండించినవాడికి మూడు, కొనేవాడికి పాతిక. ఈ లెక్క ఎవరికి చెప్పుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే పెరటి పంట బజారుకి వెళ్ళకూడదు, బంధువుల ఇంటికే వెళ్ళాలి అని నా నమ్మకం.

సంచీ వరండాలో దింపగానే మౌసీ తన పనికి తెచ్చుకుని వచ్చి కూర్చుంది. పనికి అంటే ఒడియావాళ్ళ కత్తిపీట. మా అత్తయ్యగారు తన కత్తిపీట ముందేసుకున్నారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తరుగుతుంటే వెదురు బుట్ట నిండటం నేను కళ్ళారా చూశాను. నేను ఆవాలు నూరుతున్నాను. రెండు చెంచాల ఆవాలు అరగంట నానబెట్టి, నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొబ్బరి కోరు, కాస్త ఉప్పు కలిపి రోట్లో మెత్తగా. మౌసీ చూసి, "వెల్లుల్లి ఏదీ? బెసర అంటే వెల్లుల్లి ఉండాలి కదా" అంది. బెసర అంటే ఒడియావాళ్ళు ఆవముద్దతో చేసే కూర. అత్తయ్యగారు తలెత్తకుండానే, "ఆవపెట్టిన కూరలో వెల్లుల్లేమిటే, తప్పు" అన్నారు. మౌసీ ఊరుకోలేదు. "అక్కా, మీరు ఆవ చివర్న కలుపుతారు, పచ్చి ఘాటు ముక్కుకెక్కుతుంది. మేం కూరతో పాటు ఉడికిస్తాం" అంది. "ఉడికిస్తే చేదెక్కుతుంది" అన్నారు అత్తయ్యగారు. "మీ చేతిలో ఎక్కుతుంది, నా చేతిలో ఎక్కదు" అంది మౌసీ.

చివరికి రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టాం. అత్తయ్యగారిది మన పద్ధతి. నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు, అల్లం ముక్కలు, పసుపు, పిండిన క్యాబేజీ, మగ్గాక నిమ్మకాయంత చింతపండు చిక్కటి పులుసు. దగ్గరపడగానే దించి, వేడి కాస్త తగ్గాక ఆవముద్ద కలిపి, పైన చెంచా పచ్చి నువ్వుల నూనె. ఆవముద్దని పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. అందుకే దించాకే కలపాలి. మౌసీ ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఆరు వెల్లుల్లి రెబ్బలు కలిపి నూరింది. ఉల్లి, టమాటా, బంగాళదుంప ముక్కలు ఆవనూనెలో వేయించి, క్యాబేజీ వేసి, నూరిన ముద్దని నీళ్ళలో పలచగా కలిపి పోసింది. చివర్లో రెండు ముక్కలు అంబుల వేసింది. మామిడికాయని ఉప్పేసి ఎండబెడతారే, అది. ఆ పులుపుతో చేదు తెలియనే లేదు.

మధ్యాహ్నం అందరం రెండూ వేసుకున్నాం. అత్తయ్యగారు మౌసీ గిన్నెలోంచి ఒక గరిటె వేసుకున్నారు, ఇంకో గరిటె వేసుకున్నారు, తర్వాత కంచం అంచుకి అంటిన ఆవని వేలితో తీసి నాక్కున్నారు. ఏమీ అనలేదు. పదిరోజుల తర్వాత నేను మళ్ళీ ఆవ నూరుతుంటే మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "రెండు వెల్లుల్లి రెబ్బలు వెయ్యి" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆవపెట్టిన కూరలో రెండు రెబ్బలు పడుతున్నాయి. నన్నడిగితే ఆవ, బెసర అని రెండు పేర్లు పెట్టుకున్నారు గానీ ఇది ఒకే కూర. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న గొడవ సరిహద్దు అటూ ఇటూ ఉన్న ఊళ్ళకి ఎందుకు?

ఇక నిల్వ సంగతి. ఫ్రిజ్‌లో పెట్టేట్టయితే గడ్డని కడగకండి, పై ఆకులు రెండు అలాగే ఉంచండి, మూడు వారాలు బాగుంటుంది. ఆవకాయ కూడా పెట్టొచ్చు. కాలీఫ్లవర్ ఆవకాయ తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. పెద్ద ముక్కలు కోసి, బట్ట మీద పరిచి ఒక రోజు నీడన ఆరనివ్వాలి. తడి ఉంటే బూజు ఖాయం. కిలో ముక్కలకి వంద గ్రాముల కారం, డెబ్భై అయిదు గ్రాముల ఆవపిండి, ఎనభై గ్రాముల ఉప్పు, పావుకిలో నూనె, ఎనిమిది నిమ్మకాయల రసం. మూడో రోజుకి ఊరుతుంది. ఇది మామిడికాయలా ఏడాది ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టుకుని నెల లోపు తినెయ్యాలి.

నాకు అన్నిటికంటే ఇష్టం వడియాలు. ముసురు వెళ్ళాక మంచి ఎండ కాసింది. సన్నగా తరిగిన క్యాబేజీకి ఉప్పేసి, రాత్రంతా బట్టలో మూట కట్టి పైన రోకలి బరువు పెట్టాను. పొద్దున్నకి ఆ మూట సగమైంది. అరకిలో మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువతో కలిపి, డాబా మీద పాత చీర పరిచి పెట్టాను. బూడిద గుమ్మడికాయ వడియాలు ఎలా పెడతామో అలాగే. నాలుగు ఎండలకి గలగలలాడాయి. మౌసీ అయితే వాటిని కూడా "బడీ" అనే అంటుంది. నూనెలో వేయించి పప్పుచారులోకి నంజుకుంటే ఒక్కో వడియం మధ్యలో క్యాబేజీ పోగులు ఎర్రగా, తియ్యగా తగులుతాయి. ఆ డబ్బా ఉగాది దాకా వచ్చింది.

పది గడ్డలు గోనెసంచీలో వేసి గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే పాసింజర్లో మా ఆయన తీసుకెళ్ళి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో మా ఆడపడుచుకి ఇచ్చి వచ్చారు. ఆవిడ ఎండు రొయ్యలు వేసి చేసిందట. అది కూడా మంచి ఉపాయమే. రొయ్యల్ని తల, తోక తీసి, దోరగా వేయించి, క్యాబేజీ మగ్గేటప్పుడు కలపాలి. తినేవాళ్ళకి ఇంకే కూరా అక్కర్లేదు.

ఒక విషయం మాత్రం నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో క్యాబేజీ అంటే మంచూరియాకి తురిమి, ఎర్ర రంగేసి, నూనెలో దేవే వస్తువైపోయింది. ఉల్లి ధర పెరిగితే ఉల్లి పకోడీలో ఇదే కలుపుతారు. తిన్నవాడికి ఉల్లీ తెలియదు, క్యాబేజీ తెలియదు. ఇంకొకటి, బయటి పచ్చాకులు చెత్తబుట్టలో పడేస్తున్నారు. మందు కొట్టని పెరటి పంటకి ఆ ఆకులే బలం. ఈనె తీసి, సన్నగా తరిగి పెసరపప్పుతో కలిపి పప్పు చేసుకోండి, లేకపోతే దిబ్బరొట్టె పిండిలో కలపండి. నడిమి కాడ కూడా పారెయ్యకండి. పైతొక్క చెక్కేసి, ఎండుమిర్చి, చింతపండు, వేయించిన మినప్పప్పుతో రోటి పచ్చడి చేస్తే ములక్కాడ గుజ్జులా కమ్మగా ఉంటుంది.

చివరిగా, గడ్డ కోశాక మొక్కని పీకెయ్యకండి. నాలుగైదు ఆకులతో మోడు ఉంచి, తల మీద కత్తితో అడ్డంగా ఒక గాటు పెట్టి, నీళ్ళు పోస్తూ ఉండండి. నెలా నెలన్నరలో ఒక్కో మోడుకి మూడు నాలుగు చిన్న గడ్డలు, నిమ్మకాయంత నుంచి పిడికిలంత దాకా వస్తాయి. వాటిని తరక్కండి. గుత్తి వంకాయలా నాలుగు పక్షాలుగా చీల్చి, ఆవముద్ద, కొబ్బరి, కారం కూరి, మూత పెట్టి సన్న సెగ మీద పావుగంట ఉంచండి. అక్కడ ఆవ పొయ్యి మీద ఉడుకుతుంది కదా అని భయపడకండి, మౌసీ చెప్పినట్టు రెండు వెల్లుల్లి రెబ్బలూ కాస్త పులుపూ ఉంటే చేదెక్కదు.