కామిక్స్ మీద వ్యాసం రాస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎం.ఏ. సెమినార్ కోసం నువ్వు కామిక్స్‌ను ఒక కళగా పరిశీలించే పుస్తకాలు చదువుతున్నావనీ, వాటి మీద నీ స్పందనను వ్యాసంగా రాయడమే కాక అందులో కొంత భాగాన్ని బొమ్మల కథగా స్వయంగా గీసి ఇవ్వాలనుకుంటున్నావనీ చెప్పాడు. సాహిత్యం చదవమని యూనివర్సిటీకి పంపిస్తే ఈ బొమ్మల గొడవ ఏమిటన్నయ్యా అని వాడి దిగులు. నాకు మాత్రం ఆ మాట చెవిన పడగానే ఛాతీ ఉప్పొంగింది. నా ఉద్యోగకాలమంతా విజయవాడ గవర్నరుపేట ప్రెస్సుల్లో, అచ్చుకు వెళ్లే పేజీలను కత్తిరించి అతికించే పేస్టింగ్ బల్ల దగ్గరే గడిచింది. ఆ బల్ల మీద తయారయ్యే వస్తువును చేతిలోకి తీసుకొని, ఇది మనిషి మనసులో ఎలా పనిచేస్తుంది అని మన ఇంటి పిల్ల అడుగుతుందని నేను ఏనాడూ అనుకోలేదు. అయితే సంతోషంతో పాటు కొన్ని భయాలు కూడా పట్టుకున్నాయి. ఫోనులో అయితే సగం మరిచిపోతాను కనుక కాగితం మీద పెడుతున్నాను.

కామిక్స్ కూడా కళేనని నిరూపించడానికి పేజీలకు పేజీలు ఖర్చు పెడతావేమోనని నా భయం. ఆ వ్యాజ్యం ఎప్పుడో తేలిపోయింది. 1830లలోనే జెనీవాలో రోడోల్ఫ్ టాప్ఫర్ అనే బడిపంతులు బొమ్మల కథలు అచ్చు వేస్తే, అంతకు ముందే వాటిని చేతిరాతలో చూసిన జర్మన్ మహాకవి గేటే మెచ్చుకున్నాడు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు ఇవి పిల్లలను చెడగొడుతున్నాయని పుస్తకం రాశాడు, సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకొని చేతులు కట్టేసుకున్నారు. 1992లో ఆర్ట్ స్పీగెల్‌మన్‌కు, యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా గీసి తన తండ్రి అనుభవాన్ని చెప్పిన పుస్తకానికి, పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఇంత చరిత్రా ఒక్క పేరాలో ఇమిడిపోతుంది. తరువాత దాని జోలికి వెళ్లకు. కామిక్స్ గొప్పవని మాస్టారిని ఒప్పించడం నీ పని కాదు. చదువుతున్నప్పుడు నీ కళ్లకూ మనసుకూ ఏం జరిగిందో చెప్పడం నీ పని.

నువ్వు చదువుతున్న పుస్తకం, అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ చేసిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్', 1993లో వచ్చింది. కామిక్స్ గురించిన సిద్ధాంతాన్ని కామిక్స్ రూపంలోనే చెప్పాడు కనుక, నీ స్పందనలో కొంత గీసి ఇస్తాననడంలో వింత ఏమీ లేదని మీ నాన్నకు చెప్పాను. అందులో ఒకచోట మొదటి గడిలో ఒకడు గొడ్డలి ఎత్తుతాడు, రెండో గడిలో చీకటి నగరం మీద కేక ఒక్కటే వినిపిస్తుంది. దెబ్బ ఎక్కడా గీసి ఉండదు. రెండు గడుల మధ్య ఉన్న ఖాళీలో ఆ దెబ్బ వేసింది చదివేవాడేనని ఆయన వాదన. దీన్ని నీ మాటల్లో తిరగరాస్తే అది సారాంశం అవుతుంది తప్ప స్పందన కాదు. ఆ ఖాళీలో నీకు ఏం కనిపించింది? గొడ్డలి ఎక్కడ దిగినట్టు అనిపించింది? అసలు ఏమీ అనిపించకుండా పేజీ తిప్పేశావా? తిప్పేసి ఉంటే అదే రాయి. అందులో అవమానం లేదు.

ఒప్పుకోలేని చోట గట్టిగా నిలబడు. ఒకదాని పక్కన ఒకటిగా, ఉద్దేశపూర్వకమైన వరుసలో పేర్చిన బొమ్మలనే ఆయన కామిక్స్ అంటాడు. ఆ లెక్కన బాపుగారు గీసిన ఒంటి గడి కార్టూన్లన్నీ గుమ్మం బయటే నిలబడాలి. నాకది మింగుడు పడదు. ఒకే గడిలో ఎడమవైపు మనిషి మాట్లాడి, కుడివైపు మనిషి బదులిస్తే, ఆ గడి దాటేలోపే కొంత కాలం గడిచిపోతుందని తరువాతి అధ్యాయాల్లో ఆయనే ఎంతో చక్కగా చూపిస్తాడు. కాలం గడిచాక వరుస లేదనడం ఎలా? అమరావతి స్తూపం మీది నాళాగిరి ఏనుగు శిల్పం గురించి ఆలోచించు. ఆ సున్నపురాతి పలక మన ఊరి పక్కనే చెక్కినది, ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దేవదత్తుడు బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన మదపుటేనుగు, గుండ్రటి చట్రంలో ఎడమవైపు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది. అదే ఏనుగు, అదే చట్రంలో కుడివైపు, బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. మధ్య గీత లేదు, ఖాళీ లేదు. పైన కిటికీల్లోంచి జనం చూస్తుంటారు, చూసేవాడి కన్ను ఆ మేడల కింది నుంచి ఎడమ నుంచి కుడికి జారి ఏనుగుతో పాటే శాంతిస్తుంది. గడుల మధ్య ఖాళీయే ఈ కళకు ప్రాణమైతే ఈ శిల్పాన్ని ఏమనాలి? దీనికి సమాధానం నేను చెప్పను, నువ్వే వెతుక్కో. నీ వ్యాసంలో సగం బలం అక్కడే ఉందని మాత్రం నా నమ్మకం.

చందమామ విషయంలో తొందరపడకు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వంటి మహానుభావులు బొమ్మలు వేశారు కాబట్టి అందులో ప్రతి బొమ్మనూ కామిక్స్ ఖాతాలో వేయాలనిపిస్తుంది. బొమ్మను అరచేత్తో మూసి కథ చదివి చూడు. కథ నిలబడితే అది కథకు వేసిన బొమ్మ. కథ కుంటితే అది బొమ్మల కథ. శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుడి బొమ్మను మూసినా బేతాళ కథ నడుస్తుంది. అందువల్ల శంకర్‌గారి గొప్పతనం తగ్గదు, ఆయన చేసిన పని వేరని తెలుస్తుంది, అంతే. పాత సంచికలు కావాలంటే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో ముందు అడుగు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను.

నేను ప్రెస్సులో కుర్రవాడిగా చేరిన కొత్తలో, ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన బొమ్మల కథను పుస్తకంగా వేయడానికి ఒక ప్రచురణకర్త మా దగ్గరకు తెచ్చాడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో వరద రాత్రి తండ్రి పడవ కోసం ఎదురుచూసే పిల్లవాడి కథ అది. పత్రిక పేజీ పెద్దది, పుస్తకం చిన్నది. పేజీలను ఉన్నవి ఉన్నట్టు తగ్గిస్తే అక్షరాలు కనిపించవు కనుక, గడులను విడదీసి చిన్న పేజీల్లో మళ్లీ పేర్చమన్నాడు. అంతవరకు కష్టమైనా చేయగలిగిన పనే. పేర్చి చూస్తే నాలుగు ఫారాలు దాటి కొన్ని పేజీలు మిగిలాయి. ఫారం అంటే పదహారు పేజీలు. ఆ మిగిలిన కొద్ది పేజీల కోసం అయిదో ఫారం వేయాలంటే కాగితం, ప్లేటు, బైండింగు, అన్నిటికీ ఖర్చు పెరుగుతుంది. ప్రచురణకర్త బల్ల దగ్గర నిలబడి కాసేపు చూసి, మాటలు లేని గడులన్నీ తీసేయండి, చదవడానికి ఏమీ లేని చోట కాగితం దండగ అన్నాడు. మా పెద్ద పేస్టరు అభ్యంతరం చెప్పాడు. ఆయన మాట చెల్లలేదు.

ఆ కథలో రేవు మెట్లు గీసిన మూడు గడులు వరసగా ఉండేవి. ఒకే కోణం, ఒకే దూరం, మనిషి జాడ లేదు. మొదటి గడిలో నీళ్లు కింది మెట్టు మీద ఉన్నాయి. రెండో గడిలో సగం మెట్లు మునిగాయి. మూడో గడిలో పై మెట్టు అంచు ఒక్కటే తెల్లగా మిగిలి, దాని మీద పిల్లవాడు పెట్టిన లాంతరు ఉంది. మాట ఒక్కటీ లేదు. చిత్రకారుడు ఆ నీటిని సన్నటి కలంతో గీత మీద గీతగా గీశాడు. మూడో గడి దగ్గరికి వచ్చేసరికి గీతలు లాంతరు వెలుగును నాలుగు వైపులా చుట్టేస్తాయి. ఆ మూడూ ఎగిరిపోయాయి. అచ్చయిన పుస్తకంలో ఒక గడిలో పిల్లవాడు "నాన్న వస్తాడు" అంటాడు, తరువాతి గడిలో నాన్న పడవ దిగుతున్నాడు. పుస్తకం బజారులోకి వెళ్లాక పనిమీద ప్రెస్సుకు వచ్చిన ఒక పాఠకుడు దాన్ని తిరగేసి, ఈ పిల్లవాడు ఎందుకంత భయపడ్డాడయ్యా, వాళ్ల నాన్న అప్పుడే వచ్చేశాడుగా అని అడిగాడు. కథ మొత్తం ఆ రాత్రి గడవడం గురించే. రాత్రినే కోసి పారేస్తే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు?

అంతకన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి జరిగింది. నకళ్లు తీసి వాటిని కోయడానికి ఖర్చవుతుందని, ఇండియన్ ఇంకుతో అట్టల మీద గీసిన అసలు బొమ్మలనే ఆ ప్రచురణకర్త బ్లేడు పెట్టి కోయించాడు. ఆ చిత్రకారుడు పగలు ఉద్యోగం చేసుకొని రాత్రిళ్లు గీసేవాడు. అసళ్లు తీసుకువెళ్లడానికి వచ్చినప్పుడు ఆయన చేతికి వచ్చినవి ముక్కలు. రేవు మెట్ల గడులు ఆ ముక్కల్లో కూడా లేవు, అవి అప్పటికే చెత్తకాగితంతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. తరువాత పాఠ్యపుస్తకాలకు పటాలు గీస్తూ బతికాడు గానీ, నాకు తెలిసినంతలో మళ్లీ బొమ్మల కథ మొదలుపెట్టలేదు.

ఇంత పొడుగ్గా ఎందుకు చెప్పానో ఇప్పుడు విను. నువ్వు రాసిన మొదటి పేజీలు మీ నాన్న నాకు వాట్సాప్‌లో పంపించాడు. ఉదాహరణలన్నీ ఒంటి గడులే. ఫోనులో చుట్టూ కత్తిరించి, ముఖం బాగున్న చోట ఆపేసి, కింద వివరణ రాశావు. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. గడుల మధ్య ఖాళీ గురించి మూడు పేరాలు రాసిన పిల్ల ఒక్క ఖాళీని కూడా చూపించకపోతే ఎలా? పేజీ అంటే గడుల సంచి కాదు. ఏ గడి పొడుగు, ఏది ఇరుకు, కన్ను ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతుంది, పేజీ తిప్పే చివర ఏ గడిని పెట్టాడు, ఇవన్నీ చిత్రకారుడు రాత్రిళ్లు కూర్చొని తేల్చుకున్న సంగతులు. మాట్లాడదలచిన గడి ఏదైనా ముందు పూర్తి పేజీ చూపించు, తరువాత దగ్గరగా వెళ్లు. పది పేజీలను తడమడం కంటే ఒక్క పేజీని పట్టుకొని, ప్రతి గడి దగ్గరా ఎంతసేపు ఆగావో, ఎక్కడ వెనక్కి వెళ్లావో రాస్తే నీ వ్యాసానికి సాటి ఉండదు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. నీకు ఆ చూపు ఉందని నాకు ఎప్పటి నుంచో తెలుసు. వేసవి సెలవుల్లో గుంటూరు వచ్చినప్పుడు, నేను ఇంటికి తెచ్చిన పాడైన ప్రూఫుల వెనకవైపు నువ్వు బొమ్మలు గీసేదానివి. మిగతా పిల్లలు కాగితం మధ్యలో ఒక ఇల్లు వేసి ఊరుకుంటే, నువ్వు కాగితాన్ని మడతలు పెట్టి, మడతకొక బొమ్మ వేసి, ఒక మడతను ఖాళీగా వదిలేదానివి. ఇదేమిటే అంటే, అప్పుడు పిల్లి నిద్రపోతోంది పెదనాన్నా అన్నావు. ఆ మాట విన్న రోజున నాకు రేవు మెట్లే గుర్తొచ్చాయి.

ఇక గీయడం సంగతి. అక్షరాలు ముందు రాసి, తరువాత వాటి చుట్టూ మాటల బెలూన్ గీయి. ఇంగ్లీషు కామిక్స్‌లో దాదాపు అన్నీ పెద్దక్షరాలే, అన్నీ ఒకే ఎత్తు, పంక్తులు దగ్గరగా ఇరికించినా ఇబ్బంది లేదు. మనకు పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటలు ఉన్న పంక్తి కింద చాలినంత చోటు వదలకపోతే వత్తులు కింది పంక్తి గుడుల మీద కూర్చుంటాయి. ఇంగ్లీషు బొమ్మల కథలను తెలుగు చేసేటప్పుడు పాత బెలూన్లలో మన అక్షరాలు పట్టక మాటలు కోసేయడం, కోయలేక అక్షరాలు చీమల్లా చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. నువ్వు మొదటి నుంచీ తెలుగులోనే గీస్తున్నావు కనుక ఆ అవస్థ నీకు అక్కరలేదు. ముందు మాట్లాడేవాడిని ఎడమవైపు పైన పెట్టు. కంప్యూటరు అక్షరాలు వాడినా తప్పు లేదు గానీ, చోటు చాలడం లేదని వాటిని పక్కలకు నొక్కకు.

అసళ్లు ఎవరి చేతికీ ఇవ్వకు. ఈ ఒక్క మాట నా కోసం పాటించు. మాస్టారు అడిగినా, డిపార్టుమెంటు అడిగినా స్కాన్ చేసిన ప్రతినే ఇవ్వు. నల్లగీత బొమ్మను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తగ్గకుండా స్కాన్ చేయించి, ఫైలు రెండు చోట్ల దాచు. డ్రాయింగ్ షీట్లను చుట్టవద్దు, మడవవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోయినా జిగురు మరక పసుపుగా మిగిలిపోతుంది. రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి బీరువాలో పై అరలో ఉంచు. కింది అరలో పెడితే వానాకాలం చెమ్మ పట్టుకుంటుంది.

పుస్తకాల పేర్లు, సంవత్సరాలు, పేజీ సంఖ్యలు అప్పటికప్పుడే రాసుకో. గడువుకు ముందే ముగించు. రాత్రి మరీ పొద్దుపోయేదాకా మేలుకోకు.

మీ నాన్న సంగతి నాకు వదిలేయి. వాడి దిగులు నీ ఉద్యోగం గురించే తప్ప బొమ్మల మీద పగ ఏమీ లేదు. చిన్నప్పుడు చందమామ వచ్చిన రోజున నా చేతికి అందకుండా ముందు వాడే లాక్కునేవాడు. ఆదివారం మీ ఇద్దరూ గుంటూరు రండి. గీసిన పేజీలు ఎంత చిత్తుగా ఉన్నా ఫోనులో కాకుండా కాగితాలతోనే తీసుకురా. నా దగ్గర స్టీలు స్కేలు, పాత భూతద్దం ఉన్నాయి. గడుల మధ్య ఎంత ఖాళీ వదిలావో, ఎక్కడ ఎక్కువ వదిలావో, ఎందుకు వదిలావో నాకు చెబుదువుగాని.

ఆశీస్సులతో,
పెదనాన్న