యాప్ ఒక వారం చెబుతోంది, స్కానింగ్ ఇంకో వారం చెబుతోంది

ప్రశ్న: నాకు ఏడో నెల. మాది పల్లెటూరు. ఫోన్ పగలంతా మావారి దగ్గరే ఉంటుంది, రాత్రికి గానీ నా చేతికి రాదు. గర్భిణుల యాప్ 31వ వారం అంటోంది. మొదట్లో, మూడో నెల నిండకముందు తీసిన స్కానింగ్ ప్రకారం 30వ వారమే. రెండు రోజులుగా తలనొప్పి తగ్గడం లేదు. యాప్‌లో చూస్తే విశ్రాంతి తీసుకోమంటోంది. ‘ఫోన్ చూసి లేనిపోని భయాలు పెట్టుకుంటున్నావు’ అని అత్తయ్య కోప్పడుతున్నారు. దేన్ని నమ్మాలి?

సలహా: అమ్మా, వారాల లెక్క తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. అయిదో నెల దాటాక తగ్గని తలనొప్పి బీపీ పెరగడం వల్ల కావచ్చు. అది ముదిరితే గుర్రపువాతం (ఫిట్స్) రావచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 160/110 ఉన్నా, కళ్లు మసకబారినా, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వచ్చినా రాత్రయినా సరే ఆస్పత్రికి బయల్దేరండి. మీ బీపీ ఎంతో యాప్‌కు తెలియదు, అందుకే అందరికీ చెప్పే మాటే మీకూ చెప్పింది. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతామనే యాప్‌లనూ నమ్మకండి. చేతికి పట్టీ చుట్టి కొలిచిందే లెక్క.

ఇక వారాల సంగతి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు కలిపి యాప్ కాన్పు తేదీ చెబుతుంది. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకే ఆ లెక్క సరిపోతుంది. మీకు 35 రోజులకు వచ్చేదైతే వారం తేడా రావడం సహజం. మొదటి స్కానింగ్‌లో ఇచ్చిన కాన్పు తేదీనే యాప్ సెట్టింగ్స్‌లో పెట్టండి. తర్వాతి స్కానింగ్‌లను బట్టి మళ్లీ మార్చొద్దు. అప్పటికి బిడ్డలు ఒక్కొక్కరు ఒక్కోలా పెరుగుతారు, తేదీ పట్టడానికి ఆ కొలతలు అంత నికరం కావు.

రిమైండర్లు మీవారు ఇంట్లో ఉండే వేళకు మార్చుకోండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో అవి మోగవు, ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. చెకప్ తేదీ, నర్సు నంబరు, అంబులెన్స్ నంబరు కాగితం మీద రాసి గోడకు అంటించండి. పగలు అవసరమైతే ఎవరి ఫోన్ వాడుకోవాలో ఇప్పుడే పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి.

అత్తయ్యగారితో వాదన వద్దమ్మా. బిడ్డ కదలికలు లెక్కపెట్టేటప్పుడు పక్కన కూర్చోమనండి. తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకోండి, రెండు గంటల్లో పది కదలికలు తెలియాలి. తెలియకపోయినా, రోజూకంటే తగ్గాయనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఫోన్ మైకుతో గుండె చప్పుడు విని సరిపెట్టుకోవద్దు, అది మీ నాడి చప్పుడే కావచ్చు. వచ్చే చెకప్‌కు అత్తయ్యగారినీ, వీలైతే మీవారినీ వెంట తీసుకెళ్లండి. ఏయే లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో నర్సునే వాళ్లతో చెప్పమనండి.