చెప్పొద్దన్నది మీరే కదా!

నా వయసు 44. పెళ్లయి 19 ఏళ్లు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఏడో తరగతి. మూడేళ్ల క్రితం ఆఫీసులో ఒకావిడకు దగ్గరయ్యాను. ఆమె భర్త అంతకుముందే చనిపోయారు. మా ఆవిడకు నా మీద ఆసక్తి పోయి చాలా కాలమైంది. ఉద్యోగం, పిల్లల చదువులు, మంచాన పడ్డ వాళ్లమ్మ, ఇదే ఆమె లోకం. విషయం బయటపడ్డాక ఏడాదిన్నరగా వేరుగా ఉంటున్నాం. ఈమధ్యే మ్యూచువల్ విడాకులకు పిటిషన్ వేశాం. అలా వేద్దామని ముందుగా అన్నది తనే. అంటే తప్పు ఇద్దరిదీ అని ఒప్పుకున్నట్టే కదా? అక్రమ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టే చెప్పింది. అయినా మా అన్నయ్య, వదిన కూడా నన్ను దోషిలా చూస్తున్నారు. అందరికంటే ముందు ఈ సంగతి మా అమ్మాయికి తెలుసు. నా ఫోన్‌లో మెసేజ్‌లు చూసింది. ‘అమ్మ తట్టుకోలేదు, చెప్పకు’ అన్నాను. ఏడెనిమిది నెలలు చెప్పలేదు కూడా. అలాంటిది ఇప్పుడు నా ఫోనే ఎత్తడం లేదు. వాళ్లమ్మతోనూ ముభావంగా ఉంటోందట. విడాకులు రాగానే ఆవిడను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. తొందరపడుతున్నానా? ఈ కాపురం విరిగిపోవడంలో మా ఆవిడ బాధ్యత ఎంత?

జవాబు: మీరు అడిగినవి రెండూ ముందు తేల్చేస్తాను. అవును, తొందరపడుతున్నారు. కోర్టు విడాకుల డిక్రీ ఇచ్చాక పెళ్లి చేసుకోవడానికి చట్టం అడ్డు రాదు. డిక్రీకి ముందే చేసుకుంటే మాత్రం అది చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం.

ఇక మీ ఆవిడ బాధ్యత. ఇంట్లో మాటలు కరువవడానికి ఇద్దరూ కారణం కావచ్చు, కాదనను. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషికి ఓపిక ఎక్కడ మిగిలిందో, ఆ పనుల్లో మీరు పంచుకున్నవేమిటో ఉత్తరంలో రాయలేదు. సరే, మీరన్నట్టే ఆమె మిమ్మల్ని పట్టించుకోలేదనుకుందాం. కూర్చోబెట్టి అడగొచ్చు. పోట్లాడొచ్చు. పెద్దవాళ్లకు చెప్పొచ్చు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చు. ఏదీ కుదరకపోతే ‘ఇక నా వల్ల కాదు’ అని మొహం మీదే చెప్పి విడిపోవచ్చు. ఇన్ని దారులుండగా ఆమెకు తెలియకుండా ఇంకో సంబంధం పెట్టుకోవడమనేది మీరొక్కరే తీసుకున్న నిర్ణయం. అందులో ఆమెకు వాటా రాయడానికి నేను సిద్ధంగా లేను.

సుప్రీంకోర్టు మాట ఎత్తారు కాబట్టి అదీ చెప్పుకుందాం. 2018 సెప్టెంబరులో కొట్టేసింది పాత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్. అది ఎవరిని శిక్షించేదో తెలుసా? ఇంకొకరి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాణ్ణి. భర్త సమ్మతిస్తే నేరమే కాదట! భార్యను భర్త సొత్తుగా చూసిన ఆ చట్టం స్త్రీల గౌరవానికి భంగమని న్యాయమూర్తులు కొట్టేశారు. మీరు దగ్గరైన ఆవిడకు భర్త లేరు. కాబట్టి 2018కి ముందైనా ఆ సెక్షన్ మిమ్మల్ని తాకేది కాదు. ఆ తీర్పు మీకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. విడాకులు కోరడానికి అక్రమ సంబంధం అప్పుడూ కారణమే, ఇప్పుడూ కారణమే. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ తీసి చూడండి, కారణాల్లో మొట్టమొదటిది అదే. అయినా మీ అన్నయ్యా వదినా మిమ్మల్ని అలా చూస్తున్నది సెక్షన్లు చదివి కాదు లెండి.

మ్యూచువల్ అడిగింది కాబట్టి ఆమె తప్పు ఒప్పుకున్నట్టే అన్నారు చూశారా, అక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది. అదే చట్టంలోని 13-బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి వేసే పిటిషన్‌లో తప్పెవరిదన్న ప్రశ్నే రాదు. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నాం, కలిసి బతకలేకపోయాం, విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం, అంతే. ఆమె తలుచుకుంటే మీ సంబంధాన్నే చూపించి కేసు వేయగలిగేది. వేస్తే రుజువు చేయాలి. రుజువు కావాలంటే, ఆ మెసేజ్‌లు మొదట చూసింది ఎవరు? విచారణ తలుపులు మూసే జరుగుతుంది, నిజమే. కానీ ఆ మూసిన తలుపుల వెనక మీ లాయరు ఆ పిల్లను నిలబెట్టి, ‘ఏం చూశావు? ఎప్పుడు చూశావు? చూసి ఇన్నాళ్లు ఎందుకు నోరు మెదపలేదు?’ అని అడిగేవాడు. మీ ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియదు. ఒక తల్లి ఆ దారి ఎందుకు వదులుకుని ఉంటుందో ఊహించగలను. మీరేమో దాన్ని నేరం ఒప్పుకోవడంగా జమ కట్టుకున్నారు.

అసలు మీకూ మీ ఆవిడకూ మధ్య ఇక మిగిలింది కాగితాల పని. మీరు చక్కదిద్దుకోవాల్సింది కూతురితో. ఆ పిల్ల గురించి రాసిన నాలుగు ముక్కలు మీకు పక్క విషయంలా కనబడ్డాయి. ‘ఏడెనిమిది నెలలు చెప్పలేదు కూడా’ అని ఏదో మెచ్చుకుంటున్నట్టు రాశారు. ఆ నెలలు ఎలా గడిచాయో ఒక్కసారైనా ఆలోచించారా? ‘నాన్నకు ఆఫీసులో పని మరీ ఎక్కువైనట్టుంది’ అని అమ్మ జాలిపడుతుంటే నిజం తెలిసిన పిల్ల తలూపాలి. మీ ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఝల్లుమనాలి. రాత్రి అందరూ ఒక చోట కూర్చుంటే ఎటు చూడాలో తెలియాలి. చెబితే ఇల్లు కూలిపోతుంది, ఆ పాపం నాది. చెప్పకపోతే అమ్మను మోసం చేస్తున్నాను, ఆ పాపమూ నాదే. పదిహేను పదహారేళ్ల పిల్ల నెత్తిన ఇది పెట్టి మీరు హాయిగా ఆఫీసుకు వెళ్లొచ్చారు. అమ్మ తట్టుకోలేదన్నారు గానీ, బయటపడితే తట్టుకోలేనిది మీరు. అందుకు తోడుదొంగ కావలసి వచ్చి కన్నకూతుర్ని తెచ్చుకున్నారు.

నన్నడిగితే భార్యకు చేసిన ద్రోహం కన్నా ఇది పెద్దది. భార్య మీ ఈడు మనిషి, ఉద్యోగముంది, మీతో తేల్చుకోగలదు, తేల్చుకుంటోంది కూడా. తండ్రి మాట కాదనే వయసు కాదు ఆ పిల్లది. ఇలాంటి ఇళ్ల పిల్లలతో మాట్లాడుతుంటాను. నాన్న తప్పు చేశాడన్న దానికంటే, తెలిసి కూడా అమ్మకు చెప్పలేదన్నదే వాళ్లను ఎక్కువగా తినేస్తుంటుంది.

ఇప్పుడు తల్లి వైపు నుంచి చూడండి. మొగుడు మోసం చేశాడు సరే, కడుపున పుట్టిన పిల్ల కూడా దాచిందే అని ఆమెకు ఉండదా? దాచమన్నది మీరని ఆమెకు తెలుసా? ఆ సంగతి మీరు రాయలేదు. రాయలేదంటే చెప్పలేదనే అనుకుంటున్నాను. అదే నిజమైతే, మీ మీద పడాల్సిన నింద ఏడాదిన్నరగా కూతురు మోస్తోంది. వాళ్లిద్దరి మధ్య ముభావానికి కారణం వెతుక్కోవడానికి దూరం వెళ్లక్కర్లేదు.

కాబట్టి పెళ్లి మాట పక్కన పెట్టి ముందు ఈ పని చూడండి. పిటిషన్ వేశాక తుది విచారణకు మామూలుగా ఆరు నెలలైనా వ్యవధి ఉంటుంది. తగిన కారణముంటే కోర్టు ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆవిడ కోరితే వేరే సంగతి, మీ అంతట మీరు మాత్రం దానికోసం పరిగెత్తకండి.

మొదట మీ ఆవిడకు చెప్పండి. ఆమె ఒప్పుకుంటే ఎదురుగా కూర్చుని, లేదంటే కాగితం మీద రాసి. వాట్సాప్‌లో వద్దు. ‘అమ్మాయి తనంతట తను దాచలేదు. చెప్పొద్దని నేనే అన్నాను’, ఇంతే. ‘కానీ నువ్వు కూడా’ అని ఒక్క మాట చేర్చారా, చెప్పకపోవడమే నయం.

ఆ తర్వాత కూతురికి ఉత్తరం రాయండి. ఫోన్ ఎందుకు ఎత్తవని అడగొద్దు. క్షమించమనీ అడగొద్దు, ఇప్పటికే ఆ పిల్లను మీరు ఒకటి అడిగారు, చాలు. ‘ఆ రోజు నిన్ను అలా అడగడం నా తప్పు. నువ్వు ఊరుకున్నా తప్పు లేదు, చెప్పేసి ఉన్నా తప్పు లేదు. అమ్మకు నిజం చెప్పేశాను’ అని రాసి ఊరుకోండి. జవాబు రాకపోవచ్చు. చాలా కాలం రాకపోవచ్చు. పరీక్షల సంవత్సరం, కాలేజీ దగ్గర కాపు కాయడం, బంధువులతో రాయబారాలు పంపడం లాంటివి చేయకండి. కలుసుకునే హక్కు కోసం కోర్టుకెక్కే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ వయసు పిల్లను నీ ఇష్టమేమిటని జడ్జి కూడా అడుగుతారు, ఏం చెబుతుందో మీకు తెలియనిది కాదు. కట్టాల్సిన ఫీజులు మాత్రం అడిగించుకోకుండా కట్టండి. బాబుకు ఎంతవరకు తెలుసో మీరిద్దరూ మాట్లాడుకుని, వాడి వయసుకు తగినంత మీరే చెప్పండి. ఆ పని కూడా అక్క మీద పడకూడదు.

మీరు చేసుకుందామనుకుంటున్న ఆవిడ గురించి నేనేమీ అనను. ఉత్తరం రాసింది ఆవిడ కాదు. ఒకటి మాత్రం చేయండి. పెళ్లి మాట మళ్లీ ఎత్తే ముందు, కూతురితో ఆ రోజు ఏమన్నారో ఆవిడకు కూడా చెప్పండి. ఎలాంటి మనిషిని చేసుకోబోతోందో తెలిసి ఆవిడ కూడా నిర్ణయించుకోవాలి కదా.